ఉద్యమంలో పెట్టిన కేసులు ‘ఎత్తేస్తాం’ అని ప్రభుత్వం ప్రకటిస్తే సరిపోతుందా?

‘ధర్నాలో మా తమ్ముడి మీద కేసు పెట్టారు. చర్చలయ్యాక ఎత్తేస్తామన్నారు. ఇక టెన్షన్ లేనట్టేనా?’ అని ఒకరు అడిగారు. లేనట్టే అనుకుని నేను నాలుగేళ్లు ఊరుకున్నాను.

2009 డిసెంబర్ 9 రాత్రి అప్పటి కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటన వచ్చినప్పుడు ఓయూ హాస్టల్లో టీవీ ముందున్నాను. తెలంగాణ ప్రక్రియ మొదలవుతుందనగానే అందరం ఆర్ట్స్ కాలేజీ వైపు ఉరికాం. నవంబర్ 29 నుంచి విద్యార్థుల మీద పెట్టిన కేసులు ఉపసంహరించమని ముఖ్యమంత్రిని కోరినట్టు కూడా అందులోనే చెప్పారు. అప్పటికే ఒక ఎఫ్‌ఐఆర్‌లో నా పేరుంది. హమ్మయ్య అనుకున్నా.

డిసెంబర్ 23న కేంద్రం మాట మార్చింది. ఫిబ్రవరిలో క్యాంపస్ నిండా బలగాలు. టియర్ గ్యాస్ లోపలికి రాకుండా తలుపు సందులో తడి తువ్వాలు కుక్కేవాళ్లం, అయినా కళ్లు మండేవి. ఎన్‌సీసీ గేటు దగ్గర యాదయ్య అనే కుర్రాడు తెలంగాణ కోసం ప్రాణం తీసుకున్న రోజు గురించి ఇక్కడ రాయలేను.

2013లో పాస్‌పోర్టుకు పెట్టాను. వెరిఫికేషన్‌కొచ్చిన కానిస్టేబుల్ ‘నీ మీద కేసుంది గదా తమ్మీ’ అన్నాడు. ‘టీవీలో ఎత్తేస్తమన్నరు గదన్నా’ అంటే నవ్వి, ‘టీవీల జెప్తే మా రికార్డుల పోతదా?’ అన్నాడు.

నిజమే, పోదు. కేసు కోర్టుకెక్కాక ప్రభుత్వ నిర్ణయం ఒక్కటే చాలదు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ (ప్రభుత్వ లాయరు) ఎత్తేయమని పిటిషన్ వేయాలి, కోర్టు ఒప్పుకోవాలి. దీనికి సెక్షన్ అప్పుడు సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసుల విధాన చట్టం) 321, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 360. ఎత్తేసిన కేసుల జాబితాలో మీ క్రైమ్ నంబర్ (ఎఫ్‌ఐఆర్ నంబర్) ఉందో లేదో చూసుకోవాలి. నాది లేదు. వాయిదాలకు తిరిగీ తిరిగీ, సాక్షులు రాక చివరికి కొట్టేశారు. అప్పటికి రాష్ట్రం వచ్చి ఏడాది దాటింది!

తమ్ముడి ఎఫ్‌ఐఆర్ కాపీ ఈ వారమే తీసుకోండి. ఛార్జిషీటు పడి ఉంటే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో కేసు నంబర్ దొరుకుతుంది. ‘ఎలాగూ ఎత్తేస్తారు’ అని వాయిదా ఎగ్గొడితే వారెంట్ వస్తుంది, మా రూమ్మేట్‌కు అలాగే వచ్చింది. కేసు నడుస్తున్నా కోర్టు అనుమతితో పాస్‌పోర్టు తెచ్చుకోవచ్చు.

ఇంకొకటి. ఉద్యోగం ఫారంలో కేసు ఉందా అని అడిగితే దాచొద్దు. చిన్న వయసులో నినాదాలిచ్చిన కేసు లాంటివి దాచినా యాజమాన్యం చూసీచూడనట్టు వదిలేయొచ్చని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వదిలేయొచ్చు అంది, వదిలేయాలి అనలేదు.