లింకు పెడితే చాలదు, విషయాన్నే పాఠకుడి దగ్గరికి తీసుకెళ్లండి

ప్రశ్న: నేను స్టాటిస్టిక్స్‌తో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. వార్తల్లో, ప్రకటనల్లో కనిపించే అంకెలు జనాన్ని ఎలా పొరబాటు పడేలా చేస్తాయో వివరిస్తూ రెండేళ్లుగా బ్లాగ్ రాస్తున్నాను. ప్రతి పోస్టునూ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్, లింక్డిన్‌లలో షేర్ చేస్తాను. పదో పదిహేనో లైకులు వస్తాయి, అవి కూడా స్నేహితులవే. కామెంట్లు ఉండవు. కంటెంట్ రంగంలోకి వెళ్లాలని ఉంది. కానీ ఎవరూ చదవని బ్లాగ్ చూపించి ఉద్యోగం ఎలా అడగను? డబ్బు పెట్టి పోస్టులు బూస్ట్ చేయమంటారా? లేక ఇదంతా ఆపేసి పీజీ ఎంట్రన్స్‌కు చదువుకోవడమే మేలా?

జవాబు: మీరు లింకులు పంపిన మూడు పోస్టులూ పూర్తిగా చదివాను. బార్ చార్ట్ సున్నా దగ్గర మొదలవకపోతే చిటికెడు తేడా కొండంతగా ఎలా కనిపిస్తుందో మీరు చెప్పిన తీరు చాలా బాగుంది. లెక్కలంటే భయపడేవాళ్లకు కూడా అర్థమవుతుంది. ఇలా రాయగలిగేవాళ్లు ఎక్కువమంది లేరు. కాబట్టి ‘నా రాతలో పస లేదేమో’ అనే టెన్షన్ పక్కన పెట్టండి. ఇబ్బందంతా రాసిన తర్వాత జరుగుతున్న పనిలో ఉంది.

మీరు షేర్ చేసేటప్పుడు పెట్టిన మాటలు చూడండి: ‘నా బ్లాగులో కొత్త పోస్టు. సగటు, మధ్యగతం: ఒక పరిచయం. చదివి మీ అభిప్రాయం చెప్పండి.’ కింద లింకు. నాలుగు చోట్లా ఇవే మాటలు. ఫోన్‌లో వేలితో పైకి తోసుకుంటూ పోతున్న మనిషికి ఇందులో ఆగి చూడాల్సింది ఏముంది? ఆ పోస్టులో ఉన్నది తనకు ఎందుకు పనికొస్తుందో తెలియాలంటే ముందు లింకు నొక్కాలి. నొక్కాలంటే ముందు అది తెలియాలి. ఈ ముడి మీరే విప్పాలి.

దీనికి తోడు, జనం తమ యాప్ వదిలి బయటికి వెళ్లడం ఆ కంపెనీలకు ఇష్టం ఉండదు. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లో పెట్టిన లింకు నొక్కినా పనిచేయదు. బయోలోనో స్టోరీలోనో పెట్టాల్సిందే. ఫేస్‌బుక్ 2018 జనవరిలో తన ఫీడ్‌ను మార్చి స్నేహితుల, కుటుంబసభ్యుల పోస్టులకు పెద్దపీట వేసింది. దాంతో పేజీలు పెట్టే పోస్టులు వెనక్కి వెళ్లాయి. ఎక్స్ 2023 అక్టోబరులో లింకుల కింద కనిపించే శీర్షికలనే తీసేసి, తర్వాత చిన్న అక్షరాలతో మళ్లీ తెచ్చింది. లింకు పెట్టి ఊరుకోవద్దని, విషయం పోస్టులో రాసి లింకును రిప్లైలో పెట్టమని 2024 నవంబరులో దాని యజమాని ఎలాన్ మస్క్ స్వయంగా చెప్పారు. అంటే లింకునే నమ్ముకుని కూర్చున్నవాళ్లకు అన్ని చోట్లా ఎదురుగాలే. ఇది మీ ఒక్కరి మీద కక్ష కాదు.

అందుకే నా సలహా ఒకటే. లింకు మోసుకెళ్లడం మానేసి, విషయాన్ని మోసుకెళ్లండి. బ్లాగుకు రాకపోయినా, అక్కడికక్కడే చదివినవాళ్లకు ఏదో ఒకటి చేతికి అందాలి. అది నచ్చినవాళ్లే మిగతాది వెతుక్కుంటూ వస్తారు.

మీ సగటు పోస్టునే తీసుకుందాం. అందులో నాలుగో పేరాలో ఒక ఉదాహరణ ఉంది. పదిమంది పనిచేసే ఆఫీసు. తొమ్మిది మందికి నెలకు 20 వేలు, ఒక్కరికి 3 లక్షలు. సగటు 48 వేలు. మధ్యగతం, అంటే జీతాలన్నీ వరుసగా పేర్చితే నడిమధ్యలో వచ్చేది, 20 వేలు. ఇంత చక్కటి ఉదాహరణను నాలుగో పేరాలో దాచి, పైన మూడు పేరాలు నిర్వచనాలు పెట్టారు. షేర్ చేసేటప్పుడు ఇలా మొదలుపెట్టి చూడండి:

‘ఈ ఆఫీసులో సగటు జీతం 48 వేలు. అక్కడ పనిచేసే పదిమందిలో ఆ జీతం ఒక్కరికీ లేదు. అబద్ధం ఎవరూ చెప్పలేదు. మరి మోసం ఎక్కడ జరిగింది?’

తర్వాత నాలుగు వాక్యాల్లో తొమ్మిది మంది జీతం, ఒకరి జీతం చెప్పండి. ఆ పెద్ద జీతం సగటును ఎలా పైకి లాగిందో చెప్పండి. చివర్లో పాఠకుడు తన సొంత పనికి వాడుకోగలిగే మాట ఒకటి పెట్టండి: ‘కాలేజీవాళ్లు సగటు ప్యాకేజీ చెబితే, మధ్యగతం ఎంత అని అడగండి.’ లింకు ఆ తర్వాత, లేదా మొదటి కామెంట్‌లో. ఇప్పుడు ఈ పోస్టు చూసిన విద్యార్థి దాన్ని ఇంకో విద్యార్థికి పంపడానికి కారణం దొరికింది. ‘ఒక పరిచయం’ అనే శీర్షికను ఎవరు ఎవరికి పంపుతారు?

మొదటి రెండు వాక్యాల మీద ఇంత పట్టు ఎందుకంటే, లింక్డిన్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ రెండు మూడు వరుసలు దాటగానే మిగతా రాత మడతపడిపోతుంది. దాన్ని తెరవాలా వద్దా అన్నది పైన కనిపించిన వరుసలను బట్టే ఉంటుంది. ‘అందరికీ నమస్కారం, చాలా రోజుల తర్వాత మళ్లీ మీ ముందుకు’ లాంటి మాటలకు అక్కడ చోటు వృథా చేయకండి.

జనం ఏవి పంచుకుంటారన్న దాని మీద జోనా బెర్గర్, క్యాథరిన్ మిల్క్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు న్యూయార్క్ టైమ్స్ వ్యాసాలను దాదాపు 7 వేల వరకు పరిశీలించి 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. అబ్బురం, కోపం, ఆందోళన కలిగించినవి ఎక్కువగా పంచుకున్నారని, విషాదం నింపినవి తక్కువని తేలింది. పనికొచ్చే సమాచారం ఉన్నవీ బాగానే తిరిగాయి. కోపం రెచ్చగొట్టి రీచ్ (పోస్టు ఎంతమందికి కనిపించిందన్న లెక్క) తెచ్చుకునే దారి కూడా ఇందులో కనిపిస్తుంది. మీరు దయచేసి ఆ దారిలో వెళ్లకండి. మీ విషయంలో సహజంగానే ఆశ్చర్యం ఉంది, ఉపయోగం ఉంది. ఆ రెండూ చాలు.

ఇక చాలామంది పట్టించుకోని చిన్న పని ఒకటి. మీ లింకును నాకు నేనే వాట్సాప్‌లో పంపుకుని చూశాను. బొమ్మ స్థానంలో మీ బ్లాగ్ థీమ్‌తో వచ్చిన బూడిదరంగు లోగో, దాని కింద సగంలో తెగిపోయిన శీర్షిక కనిపించాయి. లింకు ఎలా కనిపించాలో చెప్పేవి ఓపెన్ గ్రాఫ్ ట్యాగులు. ఫేస్‌బుక్ 2010లో మొదలుపెట్టిన ఈ పద్ధతిని ఇప్పుడు వాట్సాప్, లింక్డిన్ కూడా చదువుతాయి. మీ బ్లాగ్ సెట్టింగ్స్‌లో గానీ, ఎస్‌ఈఓ (గూగుల్ లాంటి సెర్చ్‌లో పేజీ బాగా కనిపించేలా చేసే పని) ప్లగిన్‌లో గానీ ప్రతి పోస్టుకూ శీర్షిక, రెండు ముక్కల వివరణ, బొమ్మ విడిగా ఇచ్చే వీలుంటుంది. బొమ్మ 1200 పిక్సెళ్ల వెడల్పు, 630 ఎత్తు ఉంటే చాలాచోట్ల అంచులు తెగకుండా వస్తుంది. మార్చాక కూడా పాత బొమ్మే కనిపిస్తే కంగారు పడకండి, అది వాళ్ల సర్వర్లలో నిల్వ ఉండిపోయిన కాపీ. ఫేస్‌బుక్‌కు షేరింగ్ డీబగ్గర్, లింక్డిన్‌కు పోస్ట్ ఇన్‌స్పెక్టర్ అనే ఉచిత సాధనాలున్నాయి. వాటిలో లింకు వేస్తే కొత్తది తీసుకుంటాయి. పాత పోస్టులన్నిటికీ ఈ పని ఒక సాయంత్రం కూర్చుని పూర్తిచేయండి.

నాలుగు వేదికలూ ఒక్కరే మోయడం కష్టం. ఒకటి ప్రధానంగా, ఒకటి తోడుగా పెట్టుకోండి. మీకైతే లింక్డిన్ ప్రధానంగా ఉండాలంటాను. అంకెలు, చార్టులు ఓపిగ్గా చదివేవాళ్లు అక్కడ ఉన్నారు, రేపు ఉద్యోగం ఇచ్చేవాళ్లూ అక్కడే ఉన్నారు. తోడుగా ఇన్‌స్టాగ్రామ్ పెట్టుకుంటే, ఒక్కో చార్టును పక్కకు జరుపుతూ చూసే ఐదారు స్లైడ్ల క్యారౌసెల్‌గా మార్చవచ్చు: మొదటి స్లైడులో తప్పుదారి పట్టించే చార్టు, రెండోదాంట్లో ‘ఇందులో తప్పేంటి?’, ఆ తర్వాత సరిచేసిన చార్టు. మిగతా రెండు ఖాతాలనూ మూసేయనక్కర్లేదు, వాటి గురించి బెంగ మానేస్తే చాలు.

హ్యాష్‌ట్యాగులు మూడో నాలుగో, విషయానికి తగ్గవి పెట్టండి. ఏ రోజు, ఎన్ని గంటలకు పోస్టు చేయాలన్న చర్చలో మీ స్థాయిలో సమయం పోగొట్టుకోవద్దు.

కామెంట్ల సంగతికొస్తే, ముందు మీ అంచనాలు సరిచేసుకోవాలి. చాలా ఆన్‌లైన్ వేదికల్లో సుమారు 90 శాతం మంది మౌనంగా చూసి వెళ్తారని, 9 శాతం అప్పుడప్పుడు, 1 శాతం మాత్రమే తరచుగా మాట్లాడతారని వెబ్‌సైట్లను జనం ఎలా వాడతారో పరిశోధించే జేకబ్ నీల్సన్ 2006లో రాశారు. అన్నిచోట్లా అచ్చంగా ఇదే లెక్క ఉండదు గానీ, తీరు అదే. వందమంది చదివితే ఒక్క కామెంట్ రావడం వైఫల్యం కాదు. ఆ ఒక్కటి వచ్చినప్పుడు మీరేం చేస్తారన్నదే ముఖ్యం. ‘థాంక్యూ’ అని ఒక స్మైలీ పెట్టి వదిలేయకండి. వాళ్లు చెప్పినదాన్ని పట్టుకుని ఇంకో ప్రశ్న అడగండి. ‘అభిప్రాయం చెప్పండి’ అంటే ఎవరికీ ఏం చెప్పాలో తోచదు. ‘మీరు ఈమధ్య చూసిన ప్రకటనల్లో అనుమానం కలిగించిన అంకె ఏది?’ అంటే చెప్పడానికి ఏదో ఒకటి గుర్తొస్తుంది. వాళ్లిచ్చిన అంకె మీద మీ తర్వాతి పోస్టు రాయండి, వాళ్ల అనుమతితో పేరు చెప్పండి. వాళ్లు తప్పకుండా మళ్లీ వస్తారు.

మీ గోడ మీదే కూర్చోకుండా బయటికి కూడా వెళ్లాలి. మీ సబ్జెక్టులో రాసే పదిపన్నెండు మందిని ఎంచుకుని, వాళ్ల పోస్టుల కింద చర్చకు పనికొచ్చే మాట రాయండి, మీ లింకు పెట్టకుండా. కొత్తవాళ్లకు నమ్మకమైన పాఠకులు దొరికేది నా అనుభవంలో ఎక్కువగా ఇక్కడే. ‘లైక్ కొట్టండి, ముగ్గురిని ట్యాగ్ చేయండి’ అని అడుక్కునే పోస్టుల జోలికి పోవద్దు. అలాంటివాటిని కిందికి నెడతామని ఫేస్‌బుక్ 2017 డిసెంబరులోనే ప్రకటించింది. ఫాలోయర్లను అమ్ముతామని అరచేతిలో వైకుంఠం చూపించేవాళ్లనైతే పూర్తిగా దూరం పెట్టండి. ఆ ఖాతాలు చదవవు, మాట్లాడవు. ఉద్యోగం ఇచ్చేవాళ్లకు ఒక్క చూపులో తెలిసిపోతుంది.

బూస్ట్ విషయం. ఇప్పుడు వద్దు. ఉచితంగా చూపించినప్పుడు జనం ఆగని పోస్టును డబ్బిచ్చి ఇంకా ఎక్కువమందికి చూపిస్తే, ఆగకుండా వెళ్లిపోయేవాళ్లు పెరుగుతారు, అంతే. కొన్ని నెలల తర్వాత బాగా నడిచిన పోస్టు ఒకటి దొరికితే, ప్రకటనల పని నేర్చుకోవడానికని చిన్న మొత్తంతో చేసి చూడండి. అది నేర్చుకోవడానికి పెట్టే ఖర్చు. గుర్తింపు కొనుక్కోవడానికి కాదు.

ఇప్పుడు మీ అసలు భయానికి వద్దాం. ‘ఎవరూ చదవని బ్లాగ్’ అని మీకెలా తెలుసు? లైకులు చూసి అంటున్నారు. లైకు వేరు, చదవడం వేరు. ట్విట్టర్‌లో (ఇప్పటి ఎక్స్) షేర్ అయిన వార్తల లింకుల మీద కొలంబియా యూనివర్సిటీ, ఫ్రాన్స్‌కు చెందిన ఇన్రియా పరిశోధకులు 2016లో చేసిన అధ్యయనంలో, 59 శాతం లింకులను ఎవరూ క్లిక్ చేయనే లేదని తేలింది. పంచుకున్నవాళ్లందరూ చదివినట్టు కాదు. అలాగే చదివినవాళ్లందరూ లైకు కొట్టరు. వాట్సాప్‌లో ఒకరు ఇంకొకరికి పంపితే మీ ఖాతాలో ఏ లెక్కా కనిపించదు, బ్లాగుకు వచ్చేవాళ్లను లెక్కించే గూగుల్ అనలిటిక్స్‌లో అది చాలావరకు ‘డైరెక్ట్’ అనే గంపలో పడిపోతుంది. అందుకే ప్రతి వేదికకూ విడిగా యూటీఎం ట్యాగు (ఎక్కడినుంచి వచ్చారో చెప్పేలా లింకు చివర చేర్చే చిన్న ముక్క) కలిపిన లింకు వాడండి. ఏ వేదిక నుంచి ఎంతమంది వచ్చారో, సుమారు ఎంతసేపు ఉన్నారో అనలిటిక్స్‌లో తెలుస్తుంది.

ఇక్కడే మీ డిగ్రీ అక్కరకొస్తుంది. ఒక షీట్ తెరిచి ప్రతి పోస్టుకూ తేదీ, మొదటి వాక్యం, రూపం, రీచ్, కామెంట్లు, సేవ్‌లు, బ్లాగుకు వచ్చినవాళ్లు నమోదు చేయండి. నెలాఖరున సగటు చూసుకోకండి, మీ పోస్టులోనే ఉంది కదా కారణం: ఒక్క పోస్టు వైరల్ అయితే సగటు ఎగిరిపోతుంది. మధ్యగతం పెరుగుతోందా లేదా చూడండి. ఒక పోస్టుకు 12, ఇంకోదానికి 19 లైకులు వచ్చాయని రెండో శైలి గొప్పదని తేల్చేయకూడదని మీకు వేరే చెప్పాలా! కంటెంట్ రంగంలో ఇంత జాగ్రత్తగా లెక్క చూడగలిగే రాతగాళ్లు అరుదు.

ఉద్యోగానికి చూపించాల్సింది ఇదే. ఫాలోయర్ల సంఖ్య తక్కువైనా పరవాలేదు. ‘మొదట ఇలా రాసేదాన్ని, ఇది మార్చాను, మూడు నెలల్లో మధ్యగతం ఇంత నుంచి ఇంతకు వచ్చింది, ఈ మార్పు మాత్రం పనిచేయలేదు’ అని ఒక పేజీ తయారుచేసి, దాని లింకు రెజ్యూమెలో పెట్టండి. పనిచేయనిది కూడా తప్పకుండా రాయండి, నమ్మకం కలిగేది అక్కడే. కంటెంట్ రైటర్, సోషల్ మీడియా, ఎస్‌ఈఓ ఉద్యోగాలకు మాత్రమే కాదు, వార్తాసంస్థల డేటా జర్నలిజం డెస్కులకు, డేటా విజువలైజేషన్ పనులకు కూడా మీరు అప్లై చేయవచ్చు. చార్టు గీయడం, దాన్ని మామూలు మాటల్లో చెప్పడం, దానికి పాఠకులను తేవడం, ఈ మూడూ ఒకే మనిషిలో ఉండటం వాళ్లకు నిజంగా కావాల్సిన విషయం.

పీజీకీ బ్లాగుకూ మధ్య ఒకటి ఎంచుకోవాల్సిన అవసరం లేదు. ఎంట్రన్స్ అయ్యేదాకా కొత్త పోస్టులు ఆపేయండి. రెండేళ్ల పాత పోస్టులున్నాయి కదా, వాటిలోంచి వారానికి ఒకటి తీసుకుని, పైన చెప్పినట్టు మొదటి వాక్యాలు మార్చి లింక్డిన్‌లో పెట్టండి. వారానికి రెండు గంటలకు మించదు. బ్లాగులో ఈమెయిల్ సబ్‌స్క్రిప్షన్ పెట్టె కూడా ఇప్పుడే పెట్టేయండి. రేపు ఏ కంపెనీ ఫీడ్ మార్చినా ఆ ఈమెయిల్ జాబితా మీ చేతిలోనే ఉంటుంది. సగటు జీతం పోస్టుతో మొదలుపెట్టండి. మూడు నెలల తర్వాత ఆ షీట్ నాకు పంపితే, రెజ్యూమెలో ఏ వాక్యాలు రాయాలో కలిసి చూద్దాం.