ట్యులిప్ గడ్డలు పోయాయని రాసిన తమ్ముడికి

తమ్ముడూ, సాయంత్రం నాటిన వంద ట్యులిప్ గడ్డలు తెల్లారేసరికి లేవని, ఇంటి ముందు గుంటలే మిగిలాయని రాశావు. ఆ పని ఎవరిదో నాకు బాగా తెలుసు. 2009లో న్యూజెర్సీ సోమర్‌సెట్ కౌంటీలో ఇల్లు కొన్నప్పటి నుంచీ ఈ ఉడతలతో వేగుతున్నాను. ఏమీ అనుకోకు గానీ ముందు ఒక మాట. ఇల్లు కొని ఆరు నెలలన్నా కాలేదు, ఏడాదికి ప్రాపర్టీ టాక్స్ ఎంత పడుతుందో ఇంకా చేతికి తెలియలేదు, అప్పుడే పూల మీద అంత డబ్బా? ఇప్పుడొచ్చే పిల్లలకు అన్నీ మొదటి ఏడాదే కావాలి.

నేనూ అదే చేశాను కాబట్టి అడుగుతున్నాను. ఆ అక్టోబరులో 180 డాలర్లు పెట్టి 200 గడ్డలు తెప్పించాను. మాది కదిరి దగ్గర పల్లె. శెనక్కాయ చేలో అడవిపందులు పడకుండా మంచె మీద రాత్రుళ్ళు కాపలా కాసినవాణ్ణి, మట్టి గురించి నాకొకరు చెప్పాలా అనుకుని, కాగితం మీద రాసింది చదవకుండానే మూడంగుళాల లోతులో పెట్టేశాను. బలానికని గుంటకో చెంచా ఎముకల పొడి వేశాను, ఎర్రగడ్డ పొట్టులా ఊడిన పైపొరలు అక్కడే వదిలేశాను. మర్నాడు పొద్దున కిటికీలోంచి చూస్తే ఉడత వెనక్కాళ్ళ మీద కూర్చుని, గడ్డను రెండు చేతుల్లో తిప్పుకుంటూ, పొట్టు ఒలిచి ఒలిచి కొరుకుతోంది. మన ఉడతకు మూడింతలుంటుంది, బూడిదరంగు, వీపున రాముడి వేళ్ళ గీతలుండవు. గీతలుండేది చిప్‌మంక్ అనే ఇక్కడి చిన్న ఉడతకి. అది మన ఉడతేనని మా ఆవిడ మురిసిపోయి పల్లీలు పెట్టేది, గడ్డలు మోసుకుపోవడంలో అదీ తక్కువేం కాదు.

ఆ పొట్టు వాసనే వాటికి దారి చూపిస్తుంది, ఒక్క ముక్క మిగలకుండా ఏరి పారెయ్యి. ఎముకల పొడి అసలు వద్దు, దానికి కుక్కలూ, కంపుకొట్టే స్కంకులనే జంతువులూ కూడా వచ్చి తవ్వుతాయి. గుంటూరు కారం చల్లమని చాలామంది చెప్తారు. నేను రెండు ప్యాకెట్లు చల్లాను, ఒక్క వానకు కొట్టుకుపోయింది.

రెండో ఏడు ఎనిమిదంగుళాల లోతున పెట్టి, పైన కోళ్ళగూటికి కొట్టే ఇనుప జాలీ పరిచి, అంచులు మట్టిలోకి దించాను. ఉడతలు ఏమీ చేయలేకపోయాయి. ఏప్రిల్‌లో మొగ్గలొచ్చాయి, ఇంకో రెండు రోజుల్లో విచ్చుతాయనగా ఒక రాత్రి జింకలొచ్చి వరసగా తలలన్నీ తినిపోయాయి, పొద్దుటికి కాడలే. కాడ కొస చూస్తే ఎవరు తిన్నారో తెలిసిపోతుంది. జింకకు ముందరి పైపళ్ళు ఉండవు, పట్టి లాగుతుంది కాబట్టి పీచులు పీచులుగా చిరిగి ఉంటుంది. కుందేలైతే కత్తెరతో కత్తిరించినట్టు ఏటవాలుగా కోస్తుంది. ఆకు వాడిపోయి, పట్టుకోగానే మొక్క ఊడి చేతికొచ్చిందంటే కింద నుంచి వోల్ తిన్నట్టు, అది పొట్టితోక ఎలుకలాంటిది.

కుళ్ళిన గుడ్డు వాసనొచ్చే స్ప్రేలున్నాయి, పనిచేస్తాయి, కానీ వానలు పడ్డప్పుడల్లా మళ్ళీ కొట్టాలి, సీసా తర్వాత సీసా కొంటూనే ఉండాలి. జింకను ఆపాలంటే ఎనిమిదడుగుల కంచె కావాలి. కంచెకూ, ఉడతల్ని బోనులో పట్టడానికీ రూల్సున్నాయి, మీ టౌన్‌షిప్, రాష్ట్రం వెబ్‌సైట్లలో చూసుకో. మొత్తం మీద మూడేళ్ళలో 600 డాలర్లు అయ్యాయి. ఆ డబ్బు ఇంటికి పంపుంటే నాన్న బోరు మోటారు బాగుచేయించుకునేవాడు, అది ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది.

అందుకే ట్యులిప్ బదులు డాఫడిల్ అనే పూలగడ్డలు పెట్టు. వాటిలో లైకోరిన్ అనే విషం ఉంటుంది, ఉడతా జింకా రెండూ ముట్టవు. ఎర్రగడ్డ, వెల్లుల్లి జాతికి చెందిన ఆలియమ్ పూలనూ దాదాపు వదిలేస్తాయి. జింకలు ఏ మొక్కను ఎంత తింటాయో రట్గర్స్ యూనివర్సిటీవాళ్ళ జాబితా ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. పైగా ఇక్కడ ట్యులిప్ రెండో ఏటికే పూత తగ్గి ఏటేటా కొనాల్సొస్తుంది, డాఫడిల్ మాత్రం ఒకటి పెడితే కొన్నేళ్ళకు గుత్తి అవుతుంది. పూలు రాలాక ఆకులు కొయ్యకు, అవి పూర్తిగా పసుపెక్కేదాకా గడ్డలోకి బలం దింపుతూనే ఉంటాయి. ముందు ముందు కొనాల్సొస్తే, నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ దాటాక షాపుల్లో మిగిలినవి సగం ధరకు ఇస్తారు, నొక్కి చూసి గట్టిగా ఉన్నవే తీసుకో. నేల గడ్డకట్టేలోపు ఎప్పుడు నాటినా ఫరవాలేదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. డాఫడిల్ గడ్డలు అచ్చం ఎర్రగడ్డల్లా ఉంటాయి. అమ్మావాళ్ళు వచ్చినప్పుడు వంటింట్లో పెట్టావంటే కూరలో పడతాయి, వాంతులై ఆసుపత్రికి పరుగెత్తాలి, ఇన్సూరెన్స్ లేని పెద్దవాళ్ళకు ఎమర్జెన్సీ బిల్లు ఎంతొస్తుందో నీకు చెప్పక్కర్లేదు. పేరు రాసి గరాజ్‌లో పెట్టు.

ట్యులిప్స్ లేకపోతే మనసొప్పదంటావా, పది గడ్డలు ఒక కుండీలో పెట్టి, పైన జాలీ కట్టి, చలికాలమంతా హీటింగ్ లేని గరాజ్‌లో ఉంచి, మార్చిలో మెట్లున్న డెక్, అదే చెక్క అరుగు మీదికి తీసుకురా. మా ఇంట్లో అలా ఏడేళ్ళుగా పూస్తున్నాయి, ఖర్చు ఏడాదికి పది డాలర్లు దాటదు.

ఈ ఏడు మాత్రం ఇంకేమీ కొనకు. జూన్‌లో నా డాఫడిల్ గుత్తులు తవ్వి విడదీస్తాను. అప్పుడు బ్రిడ్జ్‌వాటర్ గుడికి నువ్వు ఏ ఆదివారం వస్తావో ముందుగా చెప్పు, వస్తూ ఒక గోనెసంచి తెచ్చుకో.