విజయవాడ కొండలు అగ్నిపర్వతాలా, హిమాలయాల్లాంటివా?

మీ ప్రశ్న: ఇక్కడి కొండలు ఒకప్పుడు అగ్నిపర్వతాలా, లేక హిమాలయాల్లా రెండు ఫలకాలు (భూమి పైపొరలోని పెద్ద పలకలు) గుద్దుకుని లేచినవా? రెండోదే నిజానికి దగ్గర. కొండపల్లి వరకైతే మొదటిదీ సగం నిజమే.

మా ఇల్లు మొగల్రాజపురం కొండ వారన, పైగా నేను చదివింది జియాలజీ. ఇక్కడ మెత్తబడిన ఎర్రరాయిని దగ్గరగా చూడండి, చిన్న చిన్న ఎర్రగింజలు కనిపిస్తాయి, అవి గార్నెట్లు అనే ఖనిజం. ఆ రాయిని ఖోండలైట్ అంటారు. మొదట్లో అది నీటి అడుగున పేరుకున్న బురదమట్టి అంటే మా ఇంట్లో ఇప్పటికీ నమ్మరు! దాదాపు 160 కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ ఒక సముద్రపు ఫలకం ఖండం అంచు కిందికి దూరుతూ పోయింది, దాన్నే సబ్డక్షన్ అంటాం, ఆ నలుగుడులో ఈ మట్టి భూమిలోకి పాతిక కిలోమీటర్ల దాకా దిగి 900 డిగ్రీలు దాటిన వేడికి ఉడికి ఇలా మారింది. అంటే మనం చూస్తున్నది ఆనాటి పర్వతాలను కాదు, పైదంతా అరిగిపోయాక ఇల్లు కూలి పునాది మిగిలినట్టు బయటపడ్డ వాటి మొదళ్ళని.

కొండపల్లి సంగతి వేరు. కాలేజీలో ఉండగా ఫీల్డ్ ట్రిప్పుకి అక్కడికి తీసుకెళ్ళారు. కోట చూసొద్దామని బయల్దేరిన మా బ్యాచ్ ఎండలో నల్లరాళ్ళు కొడుతూ కూర్చుంది. ఆ నల్లరాయి గాబ్రో, అక్కడి రాళ్ళలో క్రోమైట్ అనే క్రోమియం ఖనిజం కూడా ఉంటుంది. కిందికి దిగే ఫలకం నీటిని వదులుతుంది, ఆ నీరు తగిలి పైనున్న మాంటిల్ (భూమి పైపొర కింద ఉండే రాతి పొర) కరుగుతుంది, అలా పుట్టిన మాగ్మా, అంటే కరిగిన రాయి, పైకి రాకుండా లోపలే గడ్డకడితే ఇలాంటి రాళ్ళు వస్తాయి. పైన అగ్నిపర్వతాలు ఉండే ఉంటాయి, కానీ వాటి ఆనవాళ్ళు ఎప్పుడో పోయాయి. అటు కనిగిరి దగ్గరైతే, మూసుకుపోయిన సముద్రపు అడుగు రాళ్ళనే గుర్తించారు.

అయితే మన సముద్రతీరం మాత్రం సబ్డక్షన్ వల్ల వచ్చింది కాదు. చాలామంది ఈ రెండూ కలిపేస్తారు. విశాఖ వైపు తూర్పు కనుమలు, తూర్పు అంటార్కిటికా రాళ్ళు ఒకప్పుడు ఒకే పర్వతశ్రేణి. సుమారు 13 కోట్ల ఏళ్ళ కిందట రెండూ విడిపోయాయి, ఆ చీలికలోనే బంగాళాఖాతం తెరుచుకుంది. ఇవాళ గ్యాస్ తీస్తున్న కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్ కూడా ఆ చీలికలో పుట్టిందే.

భూకంపాల టెన్షన్ ఉంటే, ఇప్పుడు ఇక్కడ ఫలకాల అంచు లేదు. దగ్గర్లో సబ్డక్షన్ జరిగేది అండమాన్, సుమత్రా వైపు, 2004 సునామీ వచ్చింది అక్కడినుంచే. కొండ వారన ఉండేవాళ్ళు అంతకంటే వానాకాలంలో ఖోండలైట్ కొండచరియలు విరిగిపడే సంగతి చూసుకోవాలి, ముఖ్యంగా ఇంటి వెనక కొండని నిలువుగా తొలిచి ఉంటే.