వేడి ఆరాక కొలవాలి: కొత్త ఇంజనీరుకు మామయ్య ఉత్తరం

అంబత్తూరు, చెన్నై

అమ్మడూ,

మొన్న ఆదివారం ఫోన్లో నువ్వడిగినదానికి "పనికొస్తుందిలే, కంగారు పడకు" అని తేల్చేశాను. ఫోన్ పెట్టేశాక నాకే బాగనిపించలేదు. "ఒరగడం ఫ్యాక్టరీకి వచ్చి నెలయింది మామయ్యా, కాలేజీలో చదివింది ఒక్కటీ వాడలేదు. నాలుగేళ్లు దండగేనా?" అన్నావు. 1991లో నెల్లూరు నుంచి మద్రాసు వచ్చి ఇక్కడ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో పనికి చేరినప్పుడు నేనూ అదే అనుకున్నాను. అప్పట్లో నాకు చెప్పేవాళ్లు లేరు. నీకు నేనున్నాను కాబట్టి కాస్త ఓపిగ్గా చదువు.

మెషిన్ డిజైన్ పరీక్షలో వచ్చే లెక్క ఒకటి గుర్తు తెచ్చుకో. 15 కిలోవాట్లు, నిమిషానికి 300 చుట్లు, షియర్ స్ట్రెస్ (కోత ఒత్తిడి) 40 మెగాపాస్కల్ దాటకూడదు, షాఫ్ట్ (తిరిగే ఇరుసు) వ్యాసం ఎంత? టార్క్ (తిప్పే బలం) 477 న్యూటన్ మీటర్లు, వ్యాసం 39.3 ఎంఎం, 40 తీసుకుందాం, జవాబు కింద రెండు గీతలు కొడదాం. అయిపోయింది. ఆ లెక్కలో కావాల్సినవన్నీ ఇచ్చేశారు, అక్కర్లేనిది ఒక్కటీ ఇవ్వలేదు. ఎప్పుడైనా గమనించావా? ప్రశ్న తయారుచేసిన మేష్టారు సగం ఇంజనీరింగ్ ముందే చేసిపెట్టి, మిగిలిన సగం నీకు వదిలారు.

ఫ్యాక్టరీలో ఆ మొదటి సగం నీ నెత్తినే పడుతుంది. 15 కిలోవాట్లని ఎవరు చెప్పారు? మోటారు మీద ప్లేటు చెప్పింది. ఆపరేటరు కన్వేయరు మీద రెట్టింపు సరుకు పోస్తాడని ఆ ప్లేటుకు తెలియదు. సరుకు నిండుగా ఉండగా కరెంటు పోయి, వచ్చాక అదే బరువుతో మళ్లీ స్టార్ట్ చేస్తారు. ఆ కుదుపు ఎంత? కీవే (చీల కూర్చునే గాడి) కోస్తే షాఫ్ట్ బలం ఎంత తగ్గుతుంది? 40 ఎంఎంకి 6208 నంబర్ బేరింగ్ ఏ కొట్లో అయినా దొరుకుతుంది. కానీ అది ఆనడానికి షాఫ్ట్‌కి ఒక మెట్టు ఉండాలి, అంటే అంతకంటే లావు కడ్డీ కావాలి. స్టోర్స్‌లో ఉన్న ఈఎన్8 రకం ఉక్కు కడ్డీ ఏ సైజు? ఇంకా బలమైన ఈఎన్24 కావాలంటే పర్చేజ్ వాళ్లు మూడు వారాలంటారు, మెషినేమో నెలాఖరుకు నడవాలి. ఇవన్నీ తేలాక ఆ ఫార్ములాతో పని ఐదు నిమిషాలే. నెలరోజులుగా నువ్వు తిరుగుతున్నది ఆ ఐదు నిమిషాలకు ముందుండే పనిలో. అందుకే చదువు వాడట్లేదనిపిస్తోంది.

ఇప్పుడు నా తప్పొకటి చెప్తాను. మీ అమ్మక్కూడా తెలియదు.

1994 మే నెల. ఇక్కడివాళ్లు కత్తిరి వెయిల్ అంటారు, మన కర్తరి ఎండలు. మాది రేకుల షెడ్డు. అల్యూమినియం రింగులు 200 చేయాలి. బయటి వ్యాసం 100 ఎంఎం, ఎక్కువ వైపు సున్నా, తక్కువ వైపు 35 మైక్రాన్ల దాకా వదిలారు (మైక్రాన్ అంటే ఎంఎంలో వెయ్యో వంతు). లేత్ (ముక్కను తిప్పుతూ కోసే మెషిన్) మీంచి దిగిన ప్రతి రింగునూ నేనే మైక్రోమీటరుతో కొలిచి ఓకే ముద్ర వేశాను. వారం తిరక్కుండా 200 రింగులూ వెనక్కొచ్చాయి. అన్నీ చిన్నవైపోయాయట. నాకు ఒళ్లు మండింది. వాళ్ల గేజ్‌లే తప్పని, నా మైక్రోమీటరు సంచిలో వేసుకుని ఆటో ఎక్కి వాళ్ల దగ్గరికే వెళ్లాను. వాళ్ల కొలతల గది ఏసీ గది, గోడ మీద థర్మామీటరు 20 డిగ్రీలు చూపిస్తోంది. ప్రపంచమంతా డ్రాయింగు మీద రాసిన కొలతకు లెక్క 20 డిగ్రీలే. అది నేను చదివాను కూడా. అక్కడ నిలబడి చలికి వణుకుతూ మనసులో లెక్క వేసుకున్నాను.

అల్యూమినియం ఒక్కో డిగ్రీకి మీటరుకు 23 మైక్రాన్లు పెరుగుతుంది, అంటే 100 ఎంఎంకి 2.3. లేత్ మీంచి అప్పుడే దిగిన జాబు (చేస్తున్న ముక్కను మేం అలాగే అంటాం) 45 డిగ్రీల దాకా ఉంటుంది. 20తో తేడా 25 డిగ్రీలు, పెరిగింది 57 మైక్రాన్లు. నా మైక్రోమీటరు ఉక్కుది, షెడ్డులో 35 డిగ్రీల దగ్గరుంది, అదీ ఒక 17 పెరిగింది. తీసేస్తే 40. అంటే చల్లారాక ప్రతి రింగూ నేను కొలిచినదానికంటే 40 చిన్నది. టాలరెన్స్, అంటే వాళ్లు వదిలిన తేడా, మొత్తమే 35! నేను ఓకే కొట్టిన ఒక్క రింగు కూడా పాసయ్యే అవకాశమే లేదు. పెద్దదైతే మళ్లీ తిప్పి తగ్గించుకోవచ్చు. చిన్నదయ్యాక పెంచేదెలా? అన్నీ తుక్కులోకి పోయాయి.

వ్యాకోచం ఇంటర్ ఫిజిక్స్‌లోనే చదివాను. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. కానీ ఆ రోజు షెడ్డులో నన్ను అడిగినవాళ్లు లేరు, నన్ను నేనూ అడుక్కోలేదు.

దీనికింకా తోక ఉంది. మా షెడ్డులో పెద్దాయన ఒక టర్నరు ఉండేవాడు, ఎనిమిదో తరగతి చదివాడు. ఆయన మాత్రం దిగిన జాబును ఇనుప బల్ల మీద పెట్టి, టీ తాగొచ్చి, అప్పుడు కొలిచేవాడు. బద్ధకం అనుకునేవాణ్ని. రింగులు వెనక్కొచ్చాక వెళ్లి అడిగితే "సూడు ఆరట్టుం సార్" అన్నాడు. వేడి ఆరనివ్వాలట. మరి ముందే ఎందుకు చెప్పలేదన్నాను. "మీరు అడగలేదు కదా సార్" అన్నాడు. అందులో వెటకారం లేదు. డిగ్రీ చదివినవాడికి చెప్పబోయి మాట పడటం ఎందుకని ఊరుకున్నాడు. అప్పటినుంచి ఏ కొత్త పనైనా మెషిన్ మీదున్న మనిషిని అడిగాకే మొదలుపెట్టాను. నువ్వూ అలాగే చెయ్యి. దానికి తమిళం కావాలి. సినిమాల తమిళం చాలదు, వాళ్లతో కలిసి టీ తాగితే వచ్చే తమిళం కావాలి. రెండు నెలల్లో వచ్చేస్తుంది. తప్పుగా మాట్లాడితే నవ్వుతారు, నవ్వనీ.

లెక్క తేలికే, వెయ్యాలన్న ఆలోచనే రాదు అంటున్నాను కదా, నాది 200 రింగులతో పోయింది. 1981 జూలై 17న అమెరికాలో కాన్సాస్ సిటీలోని ఒక హోటల్లో, పైకప్పు నుంచి ఒకదాని కింద ఒకటి వేలాడదీసిన రెండు నడక వంతెనలు కూలి 114 మంది చనిపోయారు. మొదటి డ్రాయింగులో పొడవాటి కడ్డీలు రెండు వంతెనల గుండా దిగి రెండింటినీ మోసేవి. అంత పొడవుకు మరలు కొయ్యడం కష్టమని ఒక్కో కడ్డీని రెండు ముక్కలు చేశారు. పైవంతెన కడ్డీకి వేలాడింది, కింది వంతెన పైవంతెనకి వేలాడింది. దాంతో పైవంతెన నట్టు మీద బరువు రెట్టింపయింది. ఒక బొమ్మ గీసి బాణాలు పెడితే సెకండియర్ పిల్లలు కూడా చెప్పేస్తారు. మార్పును మళ్లీ లెక్క వెయ్యకుండానే ఒప్పేసుకున్నారు. బాధ్యులైన ఇంజనీర్ల లైసెన్సులు పోయాయి. డ్రాయింగులో "చిన్న మార్పే మేడమ్, సంతకం పెట్టండి" అని నీ దగ్గరికీ వస్తారు. ఎంత తొందరలో ఉన్నా ఆ బొమ్మ ఒకసారి గీసుకో.

కాలేజీకీ దీనికీ ఇంకో తిరకాసుంది. అక్కడ పక్కవాడి పేపర్లోకి చూస్తే డిబార్ చేస్తారు. ఇక్కడ చూడకపోతేనే తప్పు. నీకంటే పదేళ్ల ముందే ఎవరో ఇలాంటి బ్రాకెట్టే చేసి, విరగ్గొట్టుకుని, సరిచేసి ఉంటారు. ఆ పాత డ్రాయింగ్ తీసి, రివిజన్ కాలమ్‌లో ఏమేం మారిందో చదువు. అన్నీ సొంతంగా చేద్దామనే పౌరుషం మీ నాన్నది, నీకూ కొంచెం వచ్చింది. దాన్ని ఇంటి దగ్గర ఉంచుకో. మార్కుల లెక్క కూడా మర్చిపో. నూటికి 98 వస్తే మీ కాలేజీలో ఫ్లెక్సీ కట్టారు. నూరు జాబుల్లో రెండు చెడిపోతే ఇక్కడ కస్టమరు నుంచి అర్ధరాత్రి ఫోనొస్తుంది.

కంప్యూటర్లో బొమ్మ వేసేటప్పుడు బోల్టు ఎక్కడ పెట్టినా కూర్చుంటుంది. ఎం10 బోల్టు పెట్టావంటే 16 లేదా 17 నంబర్ పానా పట్టాలి, ఆ పానా తిరగాలి, పానా పట్టుకున్న చెయ్యి కూడా పట్టాలి. నా మొదటి ఫిక్స్చర్‌కి (జాబును కదలకుండా పట్టి ఉంచే అమరిక) బోల్టు బిగించాలంటే గోడకు కన్నం వెయ్యాల్సి వచ్చింది. ఫిట్టర్లు ఆ కన్నానికి నా పేరే పెట్టుకున్నారు.

జీతం గురించీ ప్రమోషన్ల గురించీ మీ నాన్న ఎటూ చెప్తాడు, నేను చెప్పను. తప్పు చేస్తే ఆ షిఫ్ట్ దాటకముందే పైవాళ్లకు చెప్పెయ్, రాత్రికి టెన్షన్ తగ్గుతుంది, కంపెనీకి ఖర్చూ తగ్గుతుంది. ఒక నోటుపుస్తకం పెట్టుకుని ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నావో తేదీ వేసి రాసుకో.

ఇంకొకటి, ఇది మాత్రం అమ్మకు చదివి వినిపించకు. తిరిగే మెషిన్ దగ్గరికి చున్నీతో వెళ్లకు, జడ చుట్టి టోపీలో పెట్టుకో. లేత్ దగ్గర చేతికి గ్లౌజులు వేసుకోకు. రక్షణ అనుకుంటారు గానీ గ్లౌజు చిక్కుకుంటే చెయ్యి కూడా దానితోనే లోపలికి పోతుంది. ఈ విషయంలో మొహమాటం పడొద్దు, చుట్టుపక్కల ఎవరు వేసుకున్నా సరే.

నువ్వు వచ్చే ఆదివారం రా. ఆ 1994 నాటి మైక్రోమీటరు ఇంకా నా బీరువాలోనే ఉంది, నీకిస్తాను. సున్నా సరిచూసుకోకుండా వాడకు, రెండుసార్లు కింద పడింది. అత్తయ్య గోంగూర పచ్చడి పట్టింది. సీసా మూత నేనే బిగించాను, అయినా బస్సులో ఒళ్లో నిలబెట్టి పట్టుకో.

ఆశీస్సులతో
మీ మామయ్య