జూకు వెళ్లే ముందు చదువుకో

చిరంజీవి సింధుకు పెదనాన్న ఆశీస్సులు.

జీతంలో దాచుకున్న డబ్బుతో కెమెరా కొన్నావనీ, శనివారం హైదరాబాదు నెహ్రూ జూకు వెళ్లి జంతువుల ఫోటోలు తీయడం నేర్చుకుంటానంటున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో నా తర్వాత కెమెరా పట్టేవాళ్లు ఉండరనుకున్నాను. ఎంత సంతోషించానో చెప్పలేను. కాసేపటికే నువ్వు మీ నాన్న కూతురివన్న సంగతి గుర్తొచ్చి గుండెల్లో రాయి పడింది. అందుకే ఈ ఉత్తరం.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. సోమవారం సెలవు, శనివారమంటే ఫర్వాలేదు. గేటు తీసే వేళకే అక్కడ ఉండు. కెమెరాకు విడిగా టికెట్టు కొనాలి. బ్యాటరీ రాత్రే ఛార్జి చేసుకో. టోపీ, నీళ్ల సీసా మరిచిపోకు.

ఆ జూ 380 ఎకరాలు. అన్నీ చూసెయ్యాలని పరుగులు పెట్టావంటే విందుకు వెళ్లి అన్ని వంటకాలూ వేలితో నాకి వచ్చినట్టే ఉంటుంది. రెండు మూడు జంతువులు చాలు. పులి, సింహం ఆవరణలకు అక్కడ కందకాలున్నాయి, జాలీ బెడద తక్కువ. వాటితో మొదలుపెట్టు. పులి ఊరికే అటూ ఇటూ తిరుగుతుంటే దాని వెంట కెమెరా తిప్పకు. అది నడిచేది ఒకటే దారి, మళ్లేది ఒకటే చోటు. అలా తిరగడం దాని మనసుకు మంచి లక్షణం కాదు, చూస్తే నాకు బాధే. కానీ ఫోటో తీసేవాళ్లకు ఆ మలుపే కావాలి. అక్కడ ఫోకస్ పెట్టుకుని, షట్టరు వేగం 1/500 సెకనుకు తగ్గకుండా ఉంచి కాచుకో. మళ్లేటప్పుడు ముఖం నీవైపు వస్తుంది. కంట్లో వెలుగు చుక్క కనబడితే నొక్కు.

కెమెరాకు తెలుపూ నలుపూ తెలియవు, అన్నింటినీ బూడిదరంగు చేయాలని చూస్తుంది. తెల్ల పులికి ఎక్స్‌పోజరు, అంటే ఫోటోకు అందే వెలుగు, కొంచెం పెంచు, ఎలుగుబంటికి తగ్గించు. పెళ్లికూతురి తెల్ల చీర మీద నేను నేర్చుకున్నదీ ఇదే.

ఇక జాలీ సంగతి. లెన్సును జాలీకి ఆనించి, అపర్చరు, అంటే లెన్సులో వెలుగు వచ్చే కంత, పూర్తిగా తెరిస్తే తీగలు మాయమవుతాయని అందరూ చెబుతారు. నిజమే, మాయమవుతాయి. కానీ జూలో జాలీకీ మనకూ మధ్య రెయిలింగు ఉంటుంది. ఆనించాలంటే అది దాటాలి. మీ నాన్న దాటాడు.

వాడి ఎడమ మోచేతి కింద ఉన్న మచ్చ సైకిలు మీద నుంచి పడితే వచ్చిందని కదా నీకు చెప్పాడు? అది కొండముచ్చు గోళ్ల గుర్తు. వాడప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. నా స్టూడియో కెమెరా కోసం నెల రోజులు బతిమాలి, చివరికి నన్నూ వెంటబెట్టుకుని ఒక ఊరి జూకు బయల్దేరదీశాడు. అప్పట్లో రీలుకు 36 ఫోటోలు, ఒక్కొక్కటీ డబ్బే. కొండముచ్చు ఒకటి పిల్లను ఒడిలో పెట్టుకుని పేలు చూస్తోంది. ఎటు నుంచి చూసినా తీగలే అడ్డం. వాడికి చిరాకెత్తింది. నేను టీ తాగి తిరిగి వచ్చేసరికి వాడు రెయిలింగు లోపల ఉన్నాడు. లెన్సు జాలీకి ఆనింది, కన్ను వ్యూఫైండరులో ఉంది. వాడికి కనబడుతున్నది తల్లీ పిల్లే. పక్క కొమ్మ మీద ఉన్న మగది కనబడలేదు. అది చప్పుడు చేయకుండా దిగి, జాలీ సందులోంచి చెయ్యి చాచి కెమెరా పటకా పట్టుకుంది. పటకా వాడి మెడలో ఉంది. అది లాగేకొద్దీ వాడి ముఖం జాలీకి కొట్టుకుంటోంది. విడిపించుకోబోతే ముంజేతిని చీరేసింది.

తర్వాత రేబిస్ రాకుండా బొడ్డు చుట్టూ 14 సూదులు. అప్పటి వైద్యం అదే. రోజూ పొద్దున్నే మా అమ్మ వాడిని ఆసుపత్రికి తీసుకెళ్లేది. ఏడిస్తే "సిగ్గులేదూ, గాడిదలా పెరిగావు" అని కసిరి, వాడు చూడకుండా కొంగుతో కళ్లు తుడుచుకునేది. రీలు కడిగితే వాడి చివరి ఫోటోలో నల్లటి అరచేయి ఒక్కటే పడింది, గీతలతో సహా. మీ నాన్న మళ్లీ కెమెరా ముట్టలేదు.

మీ నాన్న బతికి బయటపడ్డాడు. 2024 ఫిబ్రవరిలో తిరుపతి జూలో సింహం ఆవరణలోకి దూకిన మనిషి బయటపడలేదు. సెల్ఫీ కోసం దూకాడని కొన్ని పత్రికలు రాశాయి. కందకం గోడ ఎక్కి కూర్చోవడం, రెయిలింగు మీదుగా వంగడం, ఎవరైనా పసిపిల్లను పైకెత్తితే "భలే ఫ్రేము" అనుకోవడం, ఇవేవీ నువ్వు చేశావని నా చెవిన పడకూడదు. తిడుతున్నానని అనుకో, ఫర్వాలేదు.

తీగలు పోగొట్టడానికి వేరే దారి ఉంది. రెయిలింగు ఇవతలే ఉండు. నీ లెన్సును 250 మి.మీ. దాకా చాపి, అపర్చరు ఎంత తెరుచుకుంటే అంత తెరువు. ఎండ పడని జాలీ వెతుక్కో. ఎండ పడితే తీగ మెరిసి ఫోటో అంతా మసకేస్తుంది. ఫోకస్ చుక్క ఒక్కటే ఉంచు, లేకపోతే కెమెరా తీగనే పట్టుకుంటుంది. జంతువు జాలీకి దూరంగా, ఆవరణ నడిమికి వెళ్లేదాకా ఓపిక పట్టు. అద్దం ఉన్నచోట రెయిలింగు లేకపోతే మాత్రం లెన్సును అద్దానికి ఆనించవచ్చు. ముదురు రంగు బట్టలు వేసుకో, నీ నీడ అద్దంలో పడదు. పటకా మణికట్టుకు చుట్టుకో.

నిశాచర జంతువుల గదిలో ఫ్లాష్ వాడకు. పగలును రాత్రిగా మార్చి పెట్టిన చోటది, వాటి కళ్లు ఆ వెలుగును తట్టుకోలేవు. ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుగును పట్టే శక్తి, పెంచు, ఫోటోలో గరుకు వస్తే రానీ.

ఈ జూలోనే 2010లో సీసీఎంబీ అనే పరిశోధనా సంస్థ వాళ్లతో కలిసి మూషిక జింకల సంతతిని పెంచడం మొదలుపెట్టారు. తర్వాత కొన్నింటిని అమ్రాబాద్ అడవిలో వదిలారు. అడుగెత్తు ఉండే ప్రాణి, మహా పిరికిది. నీ కంట పడితే నేల మీద కూర్చుని, దాని కంటి ఎత్తు నుంచి నా కోసం ఒకటి తీయి. ప్రింటు వేయించి పంపు, ఫోనులో నాకు ఏమీ ఆనదు.

ఈ ఉత్తరం మీ నాన్నకు చూపించకు. చూపించావో, తప్పంతా ఆ కొండముచ్చుదేనని మొదలుపెడతాడు.

ఇట్లు,
పెదనాన్న