వెసేలియస్ మెడికల్ స్టూడెంట్‌కు ఎందుకు?

"పరీక్షలో రాని వెసేలియస్ గురించి ఇప్పటి మెడికల్ స్టూడెంట్ ఎందుకు తెలుసుకోవాలి?" అని అడిగారు. వెసేలియస్ పదహారో శతాబ్దంలో శవాలను స్వయంగా కోసి మనిషి శరీర నిర్మాణాన్ని రాసిన వైద్యుడు. నేను అనాటమీ ట్యూటర్‌గా పనిచేశాను. ఫస్టియర్ పిల్లల చేతికి స్కాల్పెల్ ఇచ్చే ముందు చెప్పాల్సిన పేరు అదేనని నా గట్టి నమ్మకం.

ఆ రోజుల్లో ప్రొఫెసర్ ఎత్తైన పీఠం మీద కూర్చుని ప్రాచీన గ్రీకు వైద్యుడు గాలెన్ రాసింది చదివేవాడు, కింద మంగలి శవాన్ని కోసేవాడు. చదివేదొకటి, కనిపించేదొకటి అయినా అడిగే నాథుడు లేడు. 1537లో ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయంలో 22 ఏళ్లకే పాఠం చెప్పే పదవి దొరికిన వెసేలియస్ పీఠం దిగి తానే కత్తి పట్టాడు.

అంతకుముందు సంవత్సరం ఇప్పటి బెల్జియంలోని లూవేన్ ఊరి బయట జరిగింది వినండి. శిక్ష పడిన ఒక నేరస్థుడి శవం కొయ్యకు కట్టేసి ఉంది. కాకులూ గద్దలూ తినగా ఎముకలే మిగిలాయి. వెసేలియస్ తన స్నేహితుడు గెమ్మా ఫ్రిసియస్ సాయంతో కొయ్య ఎక్కి తొడ ఎముక లాగాడు, చేతులు భుజాల దాకా ఊడొచ్చాయి. ఛాతీ మాత్రం గొలుసుకు బిగుసుకుని రాలేదు. దాని కోసం కోట తలుపులు మూసేదాకా కావాలనే బయట ఉండిపోయి, రాత్రి పూట విడదీసి తెచ్చుకున్నాడు. ఎవరైనా అడిగితే పారిస్ నుంచి తెచ్చానని చెప్పాడు. ఒక్క అస్థిపంజరం కోసం అంత సాహసం!

నేను ఫస్టియర్‌లో ఉన్నప్పుడు మా టేబుల్ మీది శవానికి రేడియల్ ఆర్టరీ (ముంజేతి ధమని) మోచేతి దగ్గర కాకుండా చంకకు కాస్త కిందే చీలింది. చూపిస్తే మా సార్ "పుస్తకంలో అలా లేదు, కోసేటప్పుడు పాడుచేసి ఉంటారు" అని వెళ్లిపోయారు. నాకు ఇప్పటికీ కోపమే. అలాంటి తేడాలు అరుదేమీ కాదు. చర్మం కిందే పైపైన పోయే ధమనిని సిర అనుకుని ఇంజెక్షన్ ఇస్తే చెయ్యే పోవచ్చు.

వెసేలియస్ గురువు సిల్వియస్‌దీ ఇదే బుద్ధి. గాలెన్ తప్పని ఒప్పుకోలేక, ఆయన కాలం తర్వాత మనిషి శరీరమే మారిపోయిందన్నాడు! గాలెన్ కోసింది కోతులను, పందులను. అందుకే కింది దవడ రెండు ఎముకలన్నాడు, మనిషికి ఉండేది ఒక్కటే. వెసేలియస్ కూడా 1538లో వేయించిన బొమ్మల్లో మెదడు అడుగున జంతువుల్లో ఉండే రక్తనాళాల వలను చూపించాడు. 1543లో బాసెల్‌లో అచ్చయిన తన పుస్తకం 'ఫాబ్రికా'లో అది మనిషిలో లేదని తానే రాశాడు. నాకు ఆయన మీద గౌరవం ఎక్కువగా ఇందుకే.

ఇప్పుడు శవాలు దొరకడం లేదని కాలేజీలు తెర మీద డిసెక్షన్ చూపించి సరిపెడుతున్నాయి. ఆ తెర మీద ఎన్నిసార్లు కోసినా అదే శరీరం, అదే చోట చీలే ధమని. పది మందిలో ఒకరికి వేరుగా ఉంటే ఆ పిల్లలు దాన్ని ఎక్కడ చూస్తారు? దేహదానం గురించి ఊరూరా చెప్పే పని కాలేజీలే భుజాన వేసుకోవాలి.