ఎక్స్‌రే మీద గీతలు గీయడం ఇంజినీరింగ్ కిందికి వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం పూర్తిచేసింది. వేసవిలో ఒక ఆసుపత్రి ఎముకల విభాగంలో ప్రాజెక్టుకు చేరింది. వీడియో కాల్‌లో చూపించింది: మ్యాట్‌ల్యాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో వెన్నెముక ఎక్స్‌రేలు తెరవడం, వాటి మీద గీతలు గీయడం, గీతల రంగు, మందం మార్చడం. నెల రోజులుగా ఇదే పని. మా బావమరిది కొడుకు అమీర్‌పేటలో ఏఐ కోర్సు చేస్తున్నాడు. ఉద్యోగం గ్యారంటీ అని రాసిచ్చారట, ఫీజు లక్షన్నర. ప్రాజెక్టు మాన్పించి మా అమ్మాయిని కూడా అందులో చేర్పించమంటారా? మ్యాట్‌ల్యాబ్ మేలా, పైథాన్ మేలా అన్నది కూడా పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: ఈ ప్రశ్న ఊళ్లు, బ్రాంచీలు మార్చుకుని నా దగ్గరికి వస్తూనే ఉంటుంది. సివిల్ చదివే అబ్బాయి రోజంతా ఆటోక్యాడ్ ముందే కూర్చుంటున్నాడని ఒకరు, వ్యవసాయ డిగ్రీ చదివే అమ్మాయి ఆకుల ఫొటోల మీద చుక్కలు పెడుతోందని ఇంకొకరు రాస్తారు. అడిగేది సాఫ్ట్‌వేర్ గురించే అయినా లోపల ఉన్న భయం వేరు. ‘సీఎస్‌ఈ సీటు రాలేదని ఈ బ్రాంచిలో చేర్పించాం. తప్పు చేశామా? చుట్టాల పిల్లల ముందు మన పిల్ల వెనకబడిపోతోందా?’ ముందు దానికి జవాబు చెబుతాను. వెనకబడటం లేదు. ప్రాజెక్టు మాన్పించకండి. మీరు అడిగిన పోలిక తర్వాత చూద్దాం.

వెన్నెముక ఎక్స్‌రేలు అన్నారు కాబట్టి ఆమె పని ఏమిటో ఊహించగలను. పిల్లల్లో వెన్ను పక్కకు వంగే సమస్యను స్కోలియోసిస్ అంటారు. ఆ వంపు ఎంతో తేల్చడానికి వైద్యులు కాబ్ కోణం కొలుస్తారు. వంపుకు పై కొసన బాగా ఒరిగిన వెన్నుపూస పై అంచు వెంట ఒక గీత, కింది కొసన బాగా ఒరిగిన పూస కింది అంచు వెంట మరో గీత గీస్తారు. ఆ రెండింటి మధ్య కోణమే కాబ్ కోణం. అది 10 డిగ్రీలు దాటితేనే స్కోలియోసిస్ అంటారు. ఎదిగే వయసు పిల్లల్లో 25 దాటితే బ్రేస్ (వంపు పెరగకుండా ఒంటికి తొడిగే పట్టీ) వేయడం గురించి ఆలోచిస్తారు. 45, 50 దగ్గరికి వస్తే శస్త్రచికిత్స మాట వస్తుంది. ఒకే ఎక్స్‌రేను ఇద్దరు అనుభవజ్ఞులు కొలిచినా 5 డిగ్రీల దాకా తేడా రావచ్చన్నది ఈ రంగంలో అందరూ ఎరిగిన సంగతే. ఎందుకలా వస్తుందో లెక్కేస్తే తెలుస్తుంది. 100 పిక్సెళ్ల పొడవున్న గీతలో ఒక కొస 5 పిక్సెళ్లు పైకో కిందికో జరిగితే కోణం దాదాపు 3 డిగ్రీలు మారుతుంది. 24 రావలసిన బిడ్డకు 27 వస్తుంది, ఇంట్లో బ్రేస్ గురించి చర్చ మొదలవుతుంది. మీ అమ్మాయి నెల రోజులుగా మౌసు పట్టుకుని చూస్తున్నది ఆ 5 పిక్సెళ్లనే.

ఇక రంగు, మందం. మీకు ఇది బొత్తిగా అలంకారంలా కనిపించి ఉంటుంది. మ్యాట్‌ల్యాబ్‌లో ‘డ్రాలైన్’ అనే కమాండ్ ఇస్తే బొమ్మ మీద గీత గీయవచ్చు. 2018లో వచ్చిన రెండో విడుదలతో ఇది అందుబాటులోకి వచ్చింది. అంతకుముందు ‘ఇమ్‌లైన్’ ఉండేది, పాత ల్యాబ్ మాన్యువళ్లలో ఇప్పటికీ అదే కనిపిస్తుంది. రంగు చెప్పకపోతే గీత నీలంగా వస్తుంది. ఎక్స్‌రేలోని నల్లటి భాగం మీద ఆ నీలం కంటికి సరిగా ఆనదు. తెలుపు పెడితే ఎముకలో కలిసిపోతుంది. అందుకని పసుపు వాడతారు, లేదా రెండు రంగుల చారలతో గీత వచ్చేలా పెడతారు, అప్పుడు నలుపు మీదా తెలుపు మీదా కనిపిస్తుంది. మందం పెంచితే చూడటానికి బాగుంటుంది గానీ ఏ అంచును కొలవాలో ఆ అంచునే గీత కప్పేస్తుంది. కొలత అయిపోయాక ఎవరి చెయ్యీ తగిలి జరగకుండా గీతకు తాళం వేసే సదుపాయమూ ఉంది. వైద్యుడు హడావుడిగా చూసే తెర మీద అది ఎంత అవసరమో ఆ విభాగంలో పనిచేసేవాళ్లను అడగండి.

‘అనొటేషన్’ అనే ఇంకో కమాండ్‌తో కూడా గీత పడుతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. ఆ గీత బొమ్మకు అంటుకోదు, బొమ్మ ఉన్న విండోకు అంటుకుంటుంది. దాని స్థానాన్ని విండో కింది ఎడమ మూల నుంచి సున్నాకూ ఒకటికీ మధ్య అంకెల్లో చెప్పాలి. బొమ్మను జూమ్ చేస్తే ఎముక జరుగుతుంది, గీత మాత్రం ఉన్నచోటే ఉంటుంది. నివేదికలో బాణం గుర్తు పెట్టడానికి అది చాలు, కొలతకు పనికిరాదు. మరో తిరకాసు కూడా ఉంది. గ్రాఫు కాగితం మీద వై విలువ పైకి వెళ్లేకొద్దీ పెరుగుతుందని బడిలో నేర్చుకున్నాం. బొమ్మలో పై అంచు నుంచి కిందికి వచ్చేకొద్దీ పెరుగుతుంది. అది మరిచి లెక్క రాస్తే కోణం గుర్తు తారుమారై, ఒక పక్కకు ఒరిగిన పూస రెండో పక్కకు ఒరిగినట్టు వస్తుంది. పొడవు కావాలంటే పిక్సెల్‌కు ఎన్ని మిల్లీమీటర్లో తెలియాలి. ఆసుపత్రులు ఎక్స్‌రేలను దాచే డైకామ్ రకం ఫైలులో ఆ వివరం రాసి ఉంటుంది, వాట్సాప్‌లో పంపిన ఫొటోలో ఉండదు. ఇన్ని సంగతులు సరిచూసుకున్నాక గీసిన గీతనే మీరు వీడియో కాల్‌లో చూశారు.

అలాగని మిమ్మల్ని ఊరడించడానికి ఒక నిజం దాచను. ఇదే పని గుమాస్తా పనిగా మిగిలిపోయే ప్రమాదమూ ఉంది. ఈ రాత్రి ఫోను చేసి ఒక్క మాట అడగండి: ‘గీత కొస పట్టుకుని జరిపితే పక్కన కోణం అంకె దానంతట అదే మారుతుందా? ఆ ప్రోగ్రాం నువ్వు రాసిందేనా?’ గీత జరిగిన ప్రతిసారీ కబురు అందించే ఏర్పాటు మ్యాట్‌ల్యాబ్‌లోనే ఉంది. దానికి లెక్కను జతచేయడం మూడో సంవత్సరం విద్యార్థి చేయగలిగిన పనే. అవునంటే ఆమె ఒక పనిముట్టు తయారుచేస్తోందన్నమాట, ఇక మీరు నిశ్చింతగా ఉండవచ్చు. కాదు, మౌసుతో గీసి, అంకె చూసి ఎక్సెల్‌లో ఎక్కించడమే అంటే మీ ఆందోళనలో సగం న్యాయం ఉంది. అప్పుడు కూడా మాన్పించనక్కరలేదు. తర్వాతి మెట్టు ఏమిటో గైడును అడగమని చెప్పండి. రోగుల పేర్లు తీసేసిన కొన్ని ఎక్స్‌రేలను వారం ఆగి, మొదటి కొలత చూడకుండా మళ్లీ కొలవాలి. తన రెండు కొలతల మధ్య తేడా ఎంత, తనకూ వైద్యుడికీ మధ్య తేడా ఎంత అన్నది ఒక పేజీలో రాసుకోవాలి. ఇంటర్వ్యూలో ఆ పేజీ గురించి మాట్లాడితే పావుగంట ఇట్టే గడిచిపోతుంది. అన్నట్టు, రోగి పేరున్న ఎక్స్‌రే ఏదీ ఆమె ఫోనులో ఉండకూడదు, ప్రోగ్రాములు అందరికీ కనిపించేలా పెట్టే గిట్‌హబ్ వెబ్‌సైట్‌లో అసలే పెట్టకూడదు.

మీ మీద కొంచెం కోపం కూడా వచ్చింది, చెప్పేస్తాను. మీ ఉత్తరంలో బావమరిది కొడుకు కోర్సు ఫీజు ఉంది, ఆ సంస్థ ఇచ్చిన హామీ ఉంది. మీ అమ్మాయి ఆ గీతలు ఎందుకు గీస్తోందో ఒక్క వాక్యం లేదు. అడిగి ఉంటే రాసేవారు కదా! తను చేస్తున్న పని తండ్రికి చూపించాలని ఆ పిల్ల వీడియో కాల్ చేసింది. మీకు అందులో గీతలు మాత్రమే కనిపించాయి. ఏ పెళ్లిలోనో ఎవరో అడిగితే ‘ఏదో గీతలు గీస్తోందిలెండి’ అని నవ్వేసి ఉంటారు. అది ఆమె చెవిన పడకుండా ఉంటుందనుకుంటున్నారా? పిల్లలు చదువు మీద ఆసక్తి పోగొట్టుకోవడానికి సిలబస్ కన్నా ఇలాంటి నవ్వులే ఎక్కువ కారణమని నా నమ్మకం.

ఇప్పుడు ఆ లక్షన్నర కోర్సు. ఏఐకి నేను వ్యతిరేకిని కాను. లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత గట్టిగా చదివి, ఒక రంగంలో సమస్యను పట్టుకుని దిగినవాళ్లకు అది మంచి దారి. నా అనుమానమంతా ఆరు నెలల్లో అచ్చు పోసి బయటికి పంపే కోర్సుల మీదే. అలాంటి కోర్సులు చేసిన పిల్లల రెజ్యూమెలు చూడండి, ప్రాజెక్టుల పేర్లు కూడా ఒకటే ఉంటాయి. ఐరిస్ పూలను మూడు జాతులుగా విడదీయడం, చేతిరాత అంకెలను గుర్తుపట్టడం, టైటానిక్ ప్రయాణికుల్లో ఎవరు బతికారో అంచనా కట్టడం. ఆ ఐరిస్ పూల పట్టికలో ఉన్నవి 150 పూలు, అది అచ్చయింది 1936లో. నేర్చుకునేవాడికి మంచి అభ్యాసమే, కాదనను. దాన్నే ప్రాజెక్టు అని రాసుకుంటే అవతల కూర్చున్నవాళ్లు పేజీ తిప్పేస్తారు.

గ్యారంటీ అన్నారు. ఆ కాగితం తెప్పించుకుని చదివారా? నేను చూసిన ఒప్పందాల్లో ఆ మాట మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ఉంటుంది, షరతులు చివరి పేజీలో ఉంటాయి. హాజరు ఇంత ఉండాలి, వాళ్లు పెట్టే పరీక్షలన్నీ పాసవ్వాలి, ఏ ఊళ్లో ఏ ఉద్యోగం చూపించినా చేరాలి, కాదంటే హామీ రద్దు. జీతం ఎంతో మాత్రం ఎక్కడా రాసి ఉండదు. మీ బావమరిది కొడుకుకు మంచి ఉద్యోగమే రావాలని కోరుకుందాం. అతనింకా కోర్సులోనే ఉన్నాడు, ఉద్యోగం రాలేదు. రాని ఉద్యోగాన్ని చూసి మీ అమ్మాయి చేతిలో ఉన్న ప్రాజెక్టును వదిలించాలనుకుంటున్నారు.

ఇంకో సంగతి. వైద్య చిత్రాల ఏఐలో బొమ్మలో దేని సరిహద్దు ఎక్కడుందో గుర్తించే యూనెట్ అని చాలా పేరున్న పద్ధతి ఉంది. జర్మనీలోని ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో ప్రకటించారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ బొమ్మల పోటీలో దానికి నేర్పడానికి దొరికిన బొమ్మలు 30 మాత్రమే. అయితే ఆ 30లోనూ ప్రతి కణం సరిహద్దునూ ముందుగానే గుర్తించి పెట్టారు. కోర్సులో ‘డేటా’ అని ఒక్క మాటతో దాటేసేది ఇలాంటి శ్రమనే. కాబ్ కోణాన్ని దానంతట అదే కొలిచే ప్రోగ్రాములు ఇప్పటికే ఉన్నాయి. వాటి జవాబు సరైనదో కాదో తేల్చాలంటే మళ్లీ మనిషి గీసిన గీతలతోనే పోల్చాలి. ఎముక అంచు ఎక్కడుందో తెలిసిన మనిషి అక్కడ కావాలి. (వాహనాల చుట్టూ రోజుకు కొన్ని వందల పెట్టెలు గీయించుకుని బొమ్మకింత అని కూలి ఇచ్చే పనులు వేరు. ఎవరైనా రెండింటినీ ఒకే గాటన కట్టి మాట్లాడితే నమ్మకండి.)

పోలిక అడిగారు కాబట్టి నాలుగు మాటలు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉచితం, ఉద్యోగ ప్రకటనల్లో ఎక్కువగా కనిపించేదీ అదే. మ్యాట్‌ల్యాబ్‌కు డబ్బు కట్టాలి. కాలేజీ లైసెన్సు ఉంటే చదువు అయ్యేదాకా ఇబ్బంది లేదు, ఆ తర్వాత అది పోతుంది. కానీ ఇవి ఒకదానికొకటి శత్రువులు కావు. పైథాన్‌లో బొమ్మలు, గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌ను జాన్ హంటర్ అనే నాడీశాస్త్ర పరిశోధకుడు మొదలుపెట్టాడు. మూర్ఛ రోగుల మెదడు సంకేతాలను చూడటం కోసం, మ్యాట్‌ల్యాబ్ పద్ధతినే అనుసరిస్తూ రాసి 2003లో విడుదల చేశాడు. ఒకటి వచ్చినవాళ్లకు రెండోది కొన్ని వారాల పని. చిన్న చిన్న తేడాలు తగులుతాయి: మ్యాట్‌ల్యాబ్ లెక్క ఒకటి నుంచి మొదలవుతుంది, పైథాన్ సున్నా నుంచి. పైథాన్‌లో బొమ్మల పనికి వాడే ఓపెన్‌సీవీలో రంగుల వరుస తిరగబడి ఉంటుంది, ఎరుపు అనుకుని గీసిన గీత నీలంగా పడుతుంది. ఒక్కసారి నవ్వుకుంటే మళ్లీ మరిచిపోరు. ప్రాజెక్టు మ్యాట్‌ల్యాబ్‌లోనే ముగించి, దసరా సెలవుల్లో అదే కోణం లెక్కను పైథాన్‌లో తిరగరాయమనండి. లక్షన్నర కాదు, లక్ష పైసలు కూడా ఖర్చు కాదు.

ఉద్యోగాల మాట దాచకుండా చెబుతాను. ఈ బ్రాంచికి క్యాంపస్ నియామకాలు సీఎస్‌ఈతో పోలిస్తే తక్కువే. చాలామంది చివరికి మామూలు సాఫ్ట్‌వేర్‌లోనే చేరతారు, అందులో చిన్నతనం ఏమీ లేదు. కానీ వైద్య పరికరాల సంస్థల ఇంజినీరింగ్ కేంద్రాలు మనకు దగ్గరలోనే ఉన్నాయి. హైదరాబాద్‌లో మెడ్‌ట్రానిక్, బెంగళూరులో జీఈ, ఫిలిప్స్, సీమెన్స్, విశాఖపట్నంలో మెడ్‌టెక్ జోన్. పై చదువు కావాలంటే గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్‌కు ప్రత్యేక పేపర్ ఉంది, ఐఐటీ హైదరాబాద్‌లో ఆ విభాగమూ ఉంది. గేట్ సంగతులు ఆమెకు మీకన్నా, నాకన్నా బాగా తెలిసే ఉంటాయి.

కోర్సుకు అడ్వాన్సు కట్టేశారేమో రాయలేదు. కట్టకపోతే కట్టకండి. కట్టేసి ఉంటే రసీదు తీసుకుని, తరగతులు మొదలయ్యేలోపే వెళ్లి రాతపూర్వకంగా వెనక్కి అడగండి. ‘సీటును ఎవరి పేరు మీదికైనా మార్చుకోవచ్చు సార్, మీ చుట్టాల్లో ఇంకెవరైనా ఉన్నారా’ అని అంటే లేరని చెప్పి రండి.